వెనిగర్ జాడీ

వెనిగర్ జాడీ అట, వెనిగర్ జాడీ! కన్నకొడుక్కి పెట్టాల్సిన పేరేనా అమ్మా అది?

అదుగో, నవ్వుతున్నావ్. ఫొటోలో ఎప్పుడూ నవ్వుతూనే ఉంటావులే. ఈ రాతి మీద అతికించడానికి మంచి ఫొటో ఏదని వెతికింది కూడా నీ కోడలే. నేను తీసిన ఫొటోలన్నిట్లో మూతి ముడుచుకుని ఉన్నావ్. తను తీసినవాట్లో మాత్రం పళ్ళన్నీ కనిపిస్తున్నాయ్. నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

ఉండు, ఈ ఆకులు కాస్త ఊడ్చేసి కూర్చుంటా. అబ్బ, ఏం ఉక్కమ్మా ఇది! వాన ఇదిగో అదిగో అని ఊరించడమే గానీ ఒక్క చినుకు లేదు. అక్టోబరొస్తే డార్విన్ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఊళ్ళో ఏసీలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి చెడిపోయి, బాగుచెయ్యమని నా ప్రాణం తీస్తున్నాయ్.

ఏంటి, అలా చూస్తావ్? సమాధి ఊడవడానికి ఏప్రిల్లో చింగ్‌మింగ్ పండక్కి కదా రావాలి, వీడిప్పుడెందుకు ఊడిపడ్డాడనా? చెప్తా, చెప్తా.

నీ కోడలూ వచ్చింది. అదిగో, గేటు దగ్గర బండిలో ఉంది లీరోంగ్. ముందు నువ్వెళ్ళి మాట్లాడుకో, నేను తర్వాత వస్తానంది. ఏసీ వేసే ఉంచా. ఫోన్లో ఉంది. వినపడుతోందా ఆ నవ్వు? అద్దాలు మూసి ఉన్నా ఇక్కడిదాకా వస్తోంది. చుట్టుపక్కల పడుకున్నవాళ్ళు లేచి కూర్చుంటారేమో!

ఎవరితోనంటావా? ఇంకెవరితో, ఆ మామిడి షెడ్డు బ్యాచ్‌తోనే. ఆఁ, నీకా సంగతి తెలీదు కదూ. నువ్వు పోయాక వచ్చిన మనుషులు వాళ్ళు.

అసలు నువ్వు పోయాక ఇల్లు ఎలా ఉందనుకున్నావ్? ఫ్రిజ్జు మూలిగితే వినపడేది. నీతో నేను మన హక్కా భాషలో వాగేవాణ్ణి. నువ్వూ తనూ వంటింట్లో దూరి మాండరిన్‌లో గంటలు గంటలు వాయించేవాళ్ళు. నీకది మనూరు దిలీలో చిన్నప్పుడు బళ్ళో నేర్పిన భాష, దానికేమో అమ్మ ఒళ్ళో నేర్చిన భాష. మరి నేనూ తనూ? ఇంగ్లీషు! ఆ ఇంగ్లీషులో ఏముంటుంది? పాలైపోయాయి. కరెంటు బిల్లు కట్టావా. నిద్రొస్తోంది. అంతే కదా. పదకొండేళ్ళ కాపురం ఆ మాటల్తోనే లాగించేశాం. మా మధ్య ఒక్క పోట్లాట లేదని నువ్వు ఊరంతా చెప్పుకునేదానివి. పోట్లాడాలన్నా భాష ఉండాలిగా అమ్మా!

అలా ఉండగా ఒకరోజు తనే వచ్చి, ఊరి బయట మామిడి ప్యాకింగ్ షెడ్డులో సీజనుకి మనుషుల్ని తీసుకుంటున్నారు, వెళ్తానంది. వెళ్ళమన్నా. నాకేం తెలుసు?

మొదటివారం చేతులనిండా సొన మచ్చలతో, ఒళ్ళు పులిసిపోయి వచ్చింది. రెండోవారం పాట పాడుకుంటూ వచ్చింది. పాటమ్మా! నాకు భయమేసింది, ఒంట్లో బాగానే ఉందా అని.

ఏం జరిగిందయ్యా అంటే, అక్కడ కాయలు ఏరే బెల్టు దగ్గర తన పక్కన నిలబడేది పెయ్‌చున్ అని తైవాన్ పిల్ల. మనిషి జానెడు, నోరు మూరెడు. ఇంకోడు గ్వాన్ అని షెన్యాంగ్ నుంచి వచ్చాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. గుమ్మం పట్టనంత మనిషి. మన లీరోంగ్‌దేమో చెంగ్డూ. ఎక్కడెక్కడి వాళ్ళో చూడు. ముగ్గురికీ మాండరిన్. ఇంకేముంది, తప్పిపోయిన తోబుట్టువులు దొరికినట్టు అతుక్కుపోయారు. అక్కా అంటే అక్కా, తమ్ముడూ అంటే తమ్ముడూ!

వాళ్ళ జోకులు కూడా ఎలాంటివో విను. ఆ గ్వాన్ ఒకరోజు పెయ్‌చున్‌ని, బజారుకెళ్తే రెండు కిలోలు 'తుదౌ' తెచ్చిపెట్టమన్నాట్ట. వాడి ఊళ్ళో తుదౌ అంటే బంగాళాదుంప. తైవాన్‌లో అదే మాటకి వేరుశెనగ. ఆ పిల్ల రెండు కిలోల వేరుశెనగలు మోసుకొచ్చింది. వీడు సంచిలో చెయ్యి పెట్టి, "నా దుంపలకి ఏం రోగమొచ్చి ఇలా చిక్కిపోయాయే?" అన్నాట్ట. ఇక సీజనంతా అదే గోల. వాళ్ళ సూపర్వైజరు పాపం ఏది తెమ్మన్నా, "మీ ఊరిదా, మా ఊరిదా?" అని ఒకరి మీద ఒకరు పడి నవ్వుకోవడమే.

నీకు నవ్వొచ్చిందిలే. నీకు రెండు అర్థాలూ తెలుసు కాబట్టి వస్తుంది. తను నాకు ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. చెప్పేసరికి చల్లారిన నూడుల్స్ అయిపోయింది ఆ జోకు. నేను నవ్వాను. ఎక్కడ నవ్వాలో తెలీక కాస్త ఆలస్యంగా నవ్వాను. "నవ్వకపోయినా ఫర్వాలేదులే, జైమే" అంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద ఉంది చూశావూ, దానికన్నా చెంపదెబ్బ నయం.

ఏంటీ? ఆ గ్వాన్ మీద అనుమానమా? ఛ ఛ. నన్ను చూస్తే చాలు "బావా, బావా" అని వరస పెట్టి పిలుస్తాడు. పెళ్ళాం ఫోన్ చేస్తే చీపురుకట్టలా నిటారుగా నిలబడి మాట్లాడతాడు. మగాడి మీద అసూయ అయితే ఎంత తేలికమ్మా! పోయి రెండు తన్ని రావచ్చు. భాషని ఎవడు తంతాడు?

అవునే, కుళ్ళే నాది. కడుపు మండింది. ఎవరి దగ్గర దాచాలి, నీ దగ్గరా?

ఆ ఏసీ రోజు సంగతి చెప్పాలి నీకు. షెడ్డు వాళ్ళే ఫోన్ చేశారు, భోజనాల గదిలో ఏసీ ఆగిపోయింది రమ్మని. తనకి చెప్పలేదు, చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామని. బయట గోడకి నిచ్చెన వేసుకుని పైన మూత విప్పుతున్నా. లోపల ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. మాట్లాడటం కాదమ్మా, ఆడిస్తోంది! గొంతు మారుస్తుంది, సాగదీస్తుంది, ఠక్కున ఆపుతుంది, ఒక్క మాట విసురుతుంది, గదంతా గొల్లుమంటుంది. నాకు ముక్క అర్థమైతే ఒట్టు. అయినా నేనూ నవ్వేశా. నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టుకుని, నిచ్చెన మీద, ఆ ఎండలో! ఎవరబ్బా ఈ పిల్ల, దీన్ని కట్టుకున్నవాడెవడో గానీ అదృష్టవంతుడు అనుకున్నా.

వంగి కిటికీలోంచి చూశా.

నా పెళ్ళాం.

నా పెళ్ళామేనమ్మా! నా ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగే మనిషి!

అంతటితో అయిందా? ఆ గొంతు దానిది కాదు. నీది. "ఐయా" అని తొడ మీద చరిచి లాగుతావే, ఆ "ఐయా"! నడుం మీద చెయ్యేసి, ఎడం మోకాలు ముందుకి పెట్టి నిలబడతావే, అచ్చం అలాగే నిలబడింది. సమాధి కట్టి నేను కన్నీళ్ళు పెట్టుకుని వచ్చిన మా అమ్మ, మామిడిపళ్ళ మధ్యన లేచి నిలబడి పదిమందిని నవ్విస్తోంది. నా చేతిలో స్క్రూ జారి రేకు మీద పడింది. ఆ చప్పుడికి తను తలెత్తింది. నన్ను చూసింది.

నవ్వు ఆపేసింది.

ఎందుకు ఆపాలి, చెప్పు? నేనేం పోలీసునా?

ఆ రాత్రి అడగలేదు. మర్నాడూ అడగలేదు. మింగలేక కక్కలేక తిరిగా. పోయిన ఆదివారం ఆ ఇద్దర్నీ ఇంటికి భోజనానికి పిలిచింది. పొద్దుట్నుంచీ నీ వంటింట్లో పిండి కలపడం, పంది మాంసం కుడుములు చుట్టడం, అరుపులు, కేకలు. నేనేమో పానకంలో పుడకలా అటూ ఇటూ తిరుగుతున్నా. బీరు కావాలా అంటే నావైపు తిరిగి ఇంగ్లీషులోకి దిగుతారు, ఇచ్చాక మళ్ళీ పైకెక్కిపోతారు. నాకోసం మెట్లు దిగొచ్చినట్టు!

అప్పుడు పెయ్‌చున్ నాతో అంది, "మీ అమ్మగారు భలే మనిషట కదండీ!" అని. ఏం భలే అన్నా. "అదే, ఓడ దిగి డార్విన్ వచ్చిన కొత్తలో శరణార్థుల క్యాంపులో ఆ నల్లటి వెజిమైట్ ఇస్తే, అది రొట్టెకి రాసుకునేదని తెలీక మోకాళ్ళకి మర్దనా చేసుకున్నారటగా? నొప్పి తగ్గిపోయిందని చెప్తే, మర్నాటికి క్యాంపులో ఆడవాళ్ళంతా మోకాళ్ళు నల్లగా పెట్టుకుని కూర్చున్నారట! వాళ్ళని చూసి కంగారుపడి డాక్టర్ని పిలిచారట!"

నాకు తెలీదమ్మా. మా అమ్మ కథ తైవాన్ నుంచి వచ్చిన పిల్ల నాకు చెప్పింది!

నాకెందుకు చెప్పలేదే? ఏంటి, నేను అడగలేదా? అడగాలని ఎలా తెలుస్తుంది? నాతో నువ్వు మాట్లాడిందేంటి? తిన్నావా. చెప్పులు బయట విప్పు. తలుపు వెయ్యి. దోమలొస్తాయి. మన హక్కాలో మా అమ్మ అంటే ఇదే. మాండరిన్‌లో మా అమ్మ వేరే ఉందట. ఆమె జోకులేస్తుందట. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడనేలేదు.

సరే, సరే, చిన్నప్పుడు ఆదివారాలు చైనీస్ బడికి పంపావ్. ఈకల చీపురు తిరగేసి తన్ని మరీ పంపావ్. ఒప్పుకుంటున్నా. బడి ఎగ్గొట్టి రేవులో గాలం వేసుకు కూర్చున్నా. తెచ్చిన చేపలు నువ్వూ తిన్నావు కదా!

ఇప్పుడొస్తా నీ ఘనకార్యానికి. కుడుములు ఉడికాయి, అందరూ కూర్చున్నారు. నేను గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డా. మొహం ఎలా పెట్టానో ఏమో. పెయ్‌చున్ నన్ను చూసి ఏదో గొణిగింది. ముగ్గురూ పెదాలు బిగబట్టుకున్నారు. నాకు రెండు మాటలు చెవిన పడ్డాయ్. వెనిగరు, జాడీ. మన హక్కాలోనూ దాదాపు అవే మాటలు కదా, చిన్నప్పుడు వెనిగర్ కోసం అంగడికి ఎన్నిసార్లు తరిమావో నన్ను!

అర్థమైందమ్మా నాకు! పదకొండేళ్ళలో మొదటిసారి వాళ్ళ మాటల్లో నాకో మాట అర్థమైంది. కుడుముల్లోకి వెనిగర్ కావాలంటున్నారు, ఇంటివాణ్ణి నేనేగా తేవాలి అనుకున్నా. పరుగెత్తి సింకు కింద నీ పాత నల్లజాడీ తీసి, తుడిచి, రెండు చేతుల్తో పట్టుకుని, పెళ్ళికి కానుక తెచ్చినట్టు తెచ్చి బల్ల మధ్యలో పెట్టా. "ఇదిగో, వెనిగర్ జాడీ!" అన్నా, మాండరిన్‌లోనే.

అంతే! ఇంటి కప్పు ఎగిరిపోయింది. గ్వాన్ కుర్చీలోంచి జారి కింద కూర్చుని నేల మీద గుద్దుతున్నాడు. పెయ్‌చున్ మొహానికి గిన్నె అడ్డం పెట్టుకుంది. లీరోంగ్ కళ్ళెమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. నన్ను చూస్తూ నవ్వింది. నేనూ నవ్వాను, గర్వంగా! ఏదో నా వల్లే కదా ఇంత నవ్వు అని.

ఆ తర్వాతే తను నా మొహం సరిగ్గా చూసింది. ఆపేసింది. మళ్ళీ ఆపేసింది.

వాళ్ళు వెళ్ళాక అడిగా. గిన్నెలు తుడుస్తూ, నావైపు చూడకుండా చెప్పింది. అసూయపడటాన్ని మాండరిన్‌లో వెనిగర్ తాగడం అంటారట. కుళ్ళుబోతుని వెనిగర్ జాడీ అంటారట. ఈ పేరు నాకెవడు పెట్టాడు, ఆ గ్వాన్ గాడా అని లేచా.

"మీ అమ్మ" అంది.

నేను నడక నేర్చిన కొత్తలో, నువ్వు పక్కింటి పాపని ఎత్తుకుంటే, నీ చెప్పులు తీసుకుపోయి కోళ్ళగూట్లో దాచేవాణ్ణట. అప్పట్నుంచీ నేను నీకు వెనిగర్ జాడీనట. మీరిద్దరూ వంటింట్లో నవ్వుకుంటుంటే నేను గుమ్మంలోకి వచ్చి నిలబడేవాణ్ణి కదా, ఏం నవ్వుతున్నారని అడిగేవాణ్ణి కదా. "ఏం లేదురా, ఊరేసిన ఆవకూర పులిసిందా లేదా అని" అనేదానివి. అబద్ధాలకోరు! నన్ను చూసే కదా నవ్వింది!

ఇంకా ఉంది. ఇక్కడ కాయ అయిపోవచ్చింది. దక్షిణాన కాథరిన్‌లో ఇప్పుడు కోతకొస్తోంది. షెడ్డు వాళ్ళంతా అటు వెళ్తున్నారు, మూడు వారాలు. అక్కడే బస. తననీ రమ్మన్నారు. "వెళ్ళనా?" అని అడిగింది నన్ను. "నువ్వు వద్దంటే మానేస్తా" అంది.

వద్దనలేదు నేను. నేనంత చెడ్డవాణ్ణా? "నీ ఇష్టం" అన్నా.

ఎందుకలా చూస్తావ్? నీ ఇష్టం అంటే ఏంటో ఏ భాషలోనైనా పెళ్ళాలకి తెలుసు. తెలిసే అన్నా. తను వెంటనే ఫోన్ తీసి వాళ్ళకి రానని చెప్పేసింది. నిన్న మధ్యాహ్నం వ్యాను వెళ్ళిపోయింది, మన వీధిలోంచే, ఓసారి హారన్ కొట్టి మరీ. తను కిటికీ దాకా వెళ్ళి చెయ్యూపి వచ్చింది.

నేను గెలిచాను. గెలిచి ఏం చేశానంటావా? టీవీ పెట్టుకున్నా. తను పాలైపోయాయి అంది.

ఈ పొద్దున లేచేసరికి వంటింట్లో ఒక్కతే కుడుములు చుడుతోంది. నీకు పెట్టడానికట. అలమరలో నీ ఫొటో ఉంది కదా, దాని ఎదురుగా నిలబడి పెదాలు కదుపుతోంది. మాండరిన్‌లో, గొణుగుతున్నట్టు. అది ఆ వెజిమైట్ కథేనని నాకు అర్థమైంది. ఎలాగంటావా? మోకాళ్ళు రుద్దుకుంది. తొడ మీద చరిచింది, "ఐయా" అంది. అని ఆగింది. నవ్వు రావాల్సిన చోట ఆగిందమ్మా.

ఎవరూ నవ్వలేదు.

తలుపు పక్కనే ఉన్నా నేను. అక్కడ నవ్వాలని తెలుసు నాకు. మొదటిసారి, ఎక్కడ నవ్వాలో సరిగ్గా తెలుసు. నవ్వితే నా సొమ్మేం పోయేది? రాలేదు.

తను చేతులకి పిండి అద్దుకుని ఇంకో కుడుము చుట్టసాగింది. అప్పుడు లోపలికెళ్ళి అన్నా, "బట్టలు సర్దుకో, కాథరిన్‌లో నేనే దింపుతా" అని. మొహం చూడాలి నువ్వు! వెలిగిపోయింది. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. వెళ్ళమంటే ఇంత సంతోషమా అని మళ్ళీ భగ్గుమంది. ఏం చెయ్యను, నా పుట్టుకే అంత.

ఇక్కణ్ణుంచి అటే వెళ్తాం, దారిలో మూడుగంటలు మేమిద్దరమే. ఏం మాట్లాడుకుంటామో దేవుడికే తెలియాలి. ఆ వెజిమైట్ కథ చెప్పమందామనుకుంటున్నా. ఇంగ్లీషులో వద్దు, మాండరిన్‌లోనే, నీ గొంతుతోనే. నాకు అర్థం కాకపోయినా ఆపద్దని చెప్తా. అడుగుతానో లేదో. అడిగితే చెప్తుందో లేదో. దింపేసి తిరిగి రావాల్సింది మాత్రం నేనొక్కణ్ణే. మూడు వారాలయ్యాక వస్తుందనే అనుకుంటున్నా. రాకపోతే ఏ భాషలో రమ్మంటాను?

అమ్మా.

ఇంకొకటుంది. అసలు దీనికోసమే వచ్చా. ఆకులూ ఉక్కా అని ఇంతసేపూ నాన్చా.

నువ్వు పోయిన రోజు. ఆసుపత్రి వరండాలో లీరోంగ్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నా, అబద్ధం కాదు, నిజంగానే ఏడ్చా. కానీ ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఒక ఆలోచన వచ్చింది. ఇక ఇంట్లో నాతోనే మాట్లాడాలి కదా ఇది, అని. ఇక నాతోనే నవ్వాలి కదా, అని. సంతోషమేసిందమ్మా. ఒక్క క్షణమే. నువ్వింకా చల్లారను కూడా లేదు.

ఆ నవ్వు నాకు దక్కుతుందనుకున్నా. అది నీతో పాటే పోయింది. ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు బెల్టు దగ్గర నిలబడి దాన్ని మళ్ళీ తెచ్చారు, వాళ్ళనీ చూసి ఓర్వలేకపోయా. నీ పెంపకమే. పేరు సరిగ్గానే పెట్టావ్.

సరే, ఇదిగో, తిను. నీ కోడలు చుట్టినవి, ఇంకా వేడిగానే ఉన్నాయి. చాప్‌స్టిక్స్ ఇక్కడ పెడుతున్నా. అంచులన్నీ సన్నగా నొక్కింది, నువ్వు నేర్పినట్టే.

అదుగో, ఫోన్ పెట్టేసి దిగింది. గేటు దగ్గర్నుంచి సీసా ఎత్తి చూపిస్తోంది. వెనిగర్ బండిలోనే మర్చిపోయానట. తీసుకురానా అని అరుస్తోంది.

అక్కర్లేదన్నా. నేనొచ్చాగా.